మా పిల్లలు చేసిన సర్పంచ్ ఆటలో డబ్బు పంచినవాడే గెలుస్తున్నాడు. ఆ బటన్ తీసెయ్యనా?

విభాగం: చదువు, బడి, పిల్లలు

సోషల్_మేడమ్ | జనవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. సమస్య కొంచెం విచిత్రంగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా ల్యాబ్‌లో పదకొండు కంప్యూటర్లు. ఆరు పనిచేస్తాయి, అందులో ఒకదానికి మౌస్ లేదు. తొమ్మిదో తరగతికి ఎన్నికల పాఠం అయ్యాక, పరీక్ష బదులు స్క్రాచ్‌లో ఒక ఆట తయారుచెయ్యమన్నాను. తెలియనివాళ్ళకి: స్క్రాచ్ అంటే అమెరికాలో ఎంఐటీ వాళ్ళు 2007లో పిల్లల కోసం వదిలిన ఉచిత ప్రోగ్రామింగ్ భాష. కోడ్ టైప్ చెయ్యక్కర్లేదు, రంగురంగుల ముక్కల్ని ఒకదానికొకటి తగిలిస్తే చాలు. నెట్ లేకపోయినా నడుస్తుంది.

నాలుగు గుంపులు క్విజ్ చేసి తెచ్చాయి. "ఓటు హక్కు వయసు ఎంత?" అంటే 18 నొక్కాలి, చప్పట్లు మోగుతాయి. ఐదో గుంపు మాత్రం నిజంగా ఆట చేసింది. ఊళ్ళో నలభై ఇళ్ళు, ముగ్గురు అభ్యర్థులు (ఉంగరం, కత్తెర, బ్యాట్), ప్రచారానికి ఏడు రోజులు. రోజుకి ఒక పని చెయ్యొచ్చు. ఇంటింటికీ తిరిగితే రెండు ఓట్లు. సభ పెడితే ఐదు రావచ్చు, రాకపోవచ్చు. మూడో బటన్ మీద ఐదు వందల నోటు బొమ్మ, కింద "పంచు" అని ఉంటుంది. అది నొక్కితే ఎనిమిది ఓట్లు.

ఇక చెప్పేదేముంది, ఆడినవాళ్ళందరూ పంచు, పంచు, పంచు. రెండు నిమిషాల్లో సర్పంచ్.

మా హెచ్‌ఎం సార్ చూసి గుండె పట్టుకున్నారు. 25న ఓటర్ల దినోత్సవం, మండలం నుంచి అధికారులు వస్తారు, "ఇది చూపిస్తే మన పని అయిపోయినట్టే, ఆ బటన్ తీయించండి" అన్నారు. పిల్లల్ని అడిగితే "మేడమ్, డిసెంబర్‌లో చూసిందే పెట్టాం" అన్నారు. పంచాయతీ ఎన్నికలు అప్పుడే కదా అయ్యాయి. నేనేమీ అనలేకపోయాను.

తీసెయ్యనా? ఉంచనా? సంక్రాంతి సెలవులు అయ్యేలోపు తేల్చుకోవాలి.

---

వెంకట్_ఖమ్మం | జనవరి 9, రాత్రి 10:02

తీసెయ్యండి మేడమ్. పిల్లలకి మంచి చెప్పాలి గానీ ఉన్నది ఉన్నట్టు చూపిస్తే అదే నేర్చుకుంటారు.

---

పిక్సెల్_పంతులు | జనవరి 9, రాత్రి 11:15

మాదాపూర్‌లో ఒక స్టూడియోలో ఎనిమిదేళ్ళుగా మొబైల్ గేమ్స్‌కి లెవెల్స్ తయారుచేస్తున్నాను. మేడమ్, దయచేసి తీయొద్దు. ఆ ఐదో గుంపు చేసినదాన్ని మా భాషలో "ప్రోటోటైప్" అంటారు, అంటే ముందుగా చేసి చూసే నమూనా. అందులో తప్పు కనపడింది అంటే అది పనిచేస్తోందని అర్థం.

ఏ ఆటలోనైనా ఒకే ఎత్తు ప్రతిసారీ గెలిపిస్తుంటే ఆ ఆట చచ్చినట్టే. మేము రోజంతా చేసేది ఆ ఎత్తు ఎక్కడుందో వెతకడమే. దొరికాక రెండు దారులు. ఒకటి, ఆ ఎత్తు పీకి పారెయ్యడం. రెండోది, "ఇది ఎందుకు ఇంత బలంగా ఉంది?" అని అడగడం. రెండో ప్రశ్న మీ సోషల్ పాఠమే కదా!

ఇంకో మాట. బటన్ ఉంచి, నొక్కగానే పాము మింగినట్టు చేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చూడండి. మన వైకుంఠపాళి పద్ధతి అది. పాపానికి పాము, పుణ్యానికి నిచ్చెన. కానీ అక్కడ పందెం వేసేది గవ్వలు, ఆడేవాడు ఏమీ ఎంచుకోడు. ఎన్నికల ఆటలో అలా చేస్తే పిల్లలు ఒక్క ఆటలోనే పసిగట్టేస్తారు: "ఓహో, టీచర్‌కి నచ్చే బటన్ ఇది." ఆ తర్వాత వాళ్ళు ఆడేది ఎన్నికల ఆట కాదు, టీచర్‌ని మెప్పించే ఆట.

మనందరం చిన్నప్పుడు బిజినెస్ ఆడాం కదా. దాని పుట్టుక తెలుసా? ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ ఆవిడ 1904లో "ల్యాండ్‌లార్డ్స్ గేమ్" అని పేటెంట్ తీసుకుంది. భూమంతా ఒకడి చేతికి పోతే మిగతావాళ్ళు అద్దెలు కట్టి కట్టి ఎలా దివాలా తీస్తారో చూపించడమే ఆవిడ ఉద్దేశం. 1935 నుంచి అదే మోనోపలీగా అమ్ముడుపోయింది, మన బిజినెస్ దాని నకలే. ఆడినవాళ్ళకి ఏం అర్థమైంది? భూస్వామి అవ్వడం భలే మజాగా ఉంటుందని! ఎందుకంటే ఆడేవాణ్ణి కూర్చోబెట్టింది భూస్వామి కుర్చీలోనే.

మీ ఆటలో ఆడేవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారు? అభ్యర్థి కుర్చీలో. అక్కడ కూర్చుంటే నాకూ అదే బటన్ కనపడుతుంది.

---

గుంటూరు_నాన్న | జనవరి 10, ఉదయం 7:20

క్షమించాలి, నాకు ఈ గోలే అర్థం కావట్లేదు. మా వాడు ఎనిమిదో తరగతి, ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తాడు. ఇప్పుడు బళ్ళో కూడా గేమ్సా? ప్రజాస్వామ్యం నేర్పాలంటే పిల్లల్ని గ్రామసభకి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. క్లాస్ లీడర్‌ని నిజంగా ఎన్నుకోనివ్వండి. మా వాడి స్కూల్లో లీడర్‌ని ప్రిన్సిపాల్ మార్కులు చూసి పెడతాడు, గోడ మీద మాత్రం "స్టూడెంట్ పార్లమెంట్" అని బోర్డు.

---

సోషల్_మేడమ్ | జనవరి 10, ఉదయం 8:05

గుంటూరు_నాన్న గారూ, మీ కోపం న్యాయమే. కానీ వీళ్ళు గేమ్ ఆడుతూ కూర్చోలేదు. ముప్పై నలుగురిలో ఈ ఐదుగురు మూడు వారాలు పోట్లాడుకున్నారు. ఇంటింటికీ తిరిగితే రెండు ఓట్లా, మూడా అని ఒక పూటంతా గొడవ. "మా నాన్న ఎవరు తిరిగినా ఒకటే అంటాడు" అని ఒకడు, "మా అమ్మ ఇంటికొచ్చి పలకరించినవాళ్ళకే వేస్తుంది" అని ఒక అమ్మాయి. ఆ గొడవ విన్నాక, ఏడాదిలో నేను చెప్పిన పాఠాలకంటే ఇదే మేలనిపించింది. తెలుగు అక్షరాలు తెర మీద ఒత్తులు విడిపోయి వస్తుంటే, ప్రతి మాటా బొమ్మలాగా మౌస్‌తో గీసుకున్నారు. "అభ్యర్థి" అన్న మాట గీయడానికే పదిహేను నిమిషాలు పట్టింది. ఆ మాట ఇక జన్మలో తప్పు రాయరు!

---

ఎడిసన్_శ్రీ | జనవరి 10, ఉదయం 10:48

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ మా అమ్మాయి బళ్ళో ఐసివిక్స్ ఆటలు ఆడిస్తారు. అమెరికా సుప్రీంకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ రిటైరయ్యాక 2009లో మొదలుపెట్టిన సంస్థ అది. ఆవిడ 2023లో పోయారు. పిల్లలకి ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలియట్లేదని ఆవిడకి దిగులు. ఆ వయసులో ఆవిడ వీడియో గేమ్స్ వైపు రావడమే నాకు వింతగా అనిపించింది.

అందులో ఒకటి "విన్ ద వైట్‌హౌస్". అధ్యక్ష పదవికి పోటీ చెయ్యాలి. ఏ విషయాల మీద నిలబడతావో ఎంచుకోవాలి, విరాళాలు పోగెయ్యాలి, రాష్ట్రాలు తిరగాలి. మా అమ్మాయి రెండు ఆటలయ్యాక చిన్న రాష్ట్రాల మొహం చూడ్డం మానేసింది. కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా, అంతే. "వయోమింగ్‌కి మూడే ఓట్లు నాన్నా, పెట్రోల్ దండగ" అంటుంది. ఎలక్టోరల్ కాలేజీ (అధ్యక్ష ఎన్నికలో ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఓట్లని లెక్కగట్టే పద్ధతి) గురించి నేను ఇరవై ఏళ్ళలో అర్థం చేసుకున్నది దానికి అరగంటలో ఎక్కింది.

ఇంకోటి లా ఆఫీస్ నడిపే ఆట. తలుపు తెరుచుకుని మనుషులు వస్తారు, ఒక్కొక్కరికీ ఒక్కో ఫిర్యాదు. వాళ్ళకి నిజంగా రాజ్యాంగం ఇచ్చిన హక్కు ఉందా లేదా తేల్చి, సరైన లాయర్ దగ్గరికి పంపాలి. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే "నీకు హక్కు లేదమ్మా" అని చెప్పి పంపడం కూడా నేర్పుతుంది.

కానీ ఇవన్నీ ఎవరో పెద్దవాళ్ళు చేసినవి. చాలా శుభ్రంగా ఉంటాయి. డబ్బు అంటే అక్కడ విరాళాలే. మీ పిల్లలు పెట్టినలాంటి బటన్ ఉండదు. అందుకే మీవాళ్ళ ఆటే ఆడాలనుంది. ఫైల్ పెట్టగలరా?

---

రిటైర్డ్_డీటీ | జనవరి 10, సాయంత్రం 5:30

నేను డిప్యూటీ తహసీల్దారుగా చేసి రిటైరయ్యాను. ఎన్నికల డ్యూటీలు ఎన్ని చేశానో లెక్కలేదు. ఆటల సంగతి నాకు తెలియదు, కానీ "ఒకే ఎత్తు ప్రతిసారీ గెలిపిస్తుంటే ఆ ఎత్తు పీకి పారెయ్యడం" అన్న పిక్సెల్_పంతులు గారి మాట చదివి ఒకటి గుర్తొచ్చింది. మేడమ్‌ది మా జిల్లాయే కాబట్టి ఇది ఆమె పిల్లలకి చెప్పాలి.

1996 లోక్‌సభ ఎన్నికలు. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన జనం. ఎన్ని అర్జీలిచ్చినా ఎవరికీ పట్టలేదు. జల సాధన సమితి పిలుపుతో జనం పోయి నామినేషన్లు వేశారు. బరిలో మిగిలింది 480 మంది! నేను అప్పుడు జూనియర్ అసిస్టెంట్‌ని. బ్యాలెట్ పేపరు పేపరు కాదు, పుస్తకం. దానికి పట్టే పెట్టెలు లేవు. పోలింగే వాయిదా పడింది. దేశమంతా నల్గొండ వైపు చూసింది, నీళ్ళ గురించి మాట్లాడింది. వాళ్ళు కోరుకున్నదీ అదే. గెలవడానికి నిలబడలేదు, ఆట ఆపడానికి నిలబడ్డారు.

అదే ఏడాది చట్టం మారింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. ఇప్పుడు 25,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోయినట్టే.

మరి అక్కడితో ఆగిందా? 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే పని చేశారు. 25,000 చొప్పున కట్టి మరీ నిలబడ్డారు. మొత్తం 185 మంది, వాళ్ళలో 178 మంది రైతులే. పాత ఈవీఎంలు 64 పేర్లకి మించి పట్టవు. కొత్తరకం మెషీన్లు తెప్పించి, ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారు. ఒక్కోదానిలో పదహారు పేర్లు. ముసలాయన ఒకడు తన గుర్తు కోసం ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి వంగి వెతుక్కోవడం టీవీలో చూశాను.

---

పిక్సెల్_పంతులు | జనవరి 10, సాయంత్రం 6:12

సార్, మీకు వంద దండాలు. దీన్నే మేము "ప్యాచ్" అంటాం. ఆటగాళ్ళు ఒక సందు కనిపెడతారు, కంపెనీ అది పూడుస్తూ ప్యాచ్ వదులుతుంది. డిపాజిట్ పెంచడం ప్యాచ్. కానీ ప్రతి ప్యాచ్‌కీ ఇంకెవరికో దెబ్బ తగులుతుంది. 500 కట్టగలిగిన కూలీ 25,000 కట్టలేడు. 480 మందిని ఆపడానికి పెట్టిన గోడ, నిజంగా పోటీ చెయ్యాలనుకున్న పేదవాడికీ అడ్డమే.

మేడమ్, ఇదే మీ పిల్లలకి ఇవ్వండి. ఆటలో "డిపాజిట్" అని ఒక అంకె పెట్టమనండి. దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఆడితే ఎవరు బయటికి పోతున్నారో వాళ్ళకే కనపడుతుంది.

---

గుంటూరు_నాన్న | జనవరి 10, రాత్రి 9:00

480 మంది సంగతి నాకు తెలియదు. ఇది బాగుంది. ఆటలు లేకుండా డీటీ గారే వచ్చి చెప్తే ఇంకా బాగుంటుంది 🙂

---

మూడో_వార్డు | జనవరి 11, మధ్యాహ్నం 2:25

నేను గత టర్మ్‌లో వార్డు మెంబర్‌ని. మహిళా రిజర్వేషన్ వచ్చింది కాబట్టి నిలబడ్డాను, లేకపోతే మా ఆయన నిలబడేవాడు. ఆ మాట దాచుకోను.

మీ అందరి మాటలూ చదివాను. మీ ఆట ఎన్నికతో అయిపోతోంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. మధ్యాహ్నం ఒంటి గంటకి పోలింగ్ ఆగింది, రెండింటికి లెక్క మొదలెట్టారు, సాయంత్రానికి గెలిచాను. పూలదండ వేశారు. ఆ తర్వాత ఐదేళ్ళు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. మా తెలంగాణ చట్టంలో చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. మా ఊళ్ళో ఆ ఇద్దరికీ మాటల్లేవు. బోరు మోటారు కాలిపోతే పదహారు రోజులు చెక్కు కదల్లేదు. నేను ఇద్దరి ఇళ్ళ మధ్య తిరిగాను, సంకలో చిన్నదాన్ని ఎత్తుకుని.

గ్రామసభ రెండు నెలలకొకటి పెట్టాలి. పెడతారు, కాగితం మీద. పెట్టిన నాడు పొద్దున పదకొండింటికి. ఆ టైముకి ఊళ్ళో ఎవరుంటారు? పత్తికి పోతారు, ఉపాధి పనికి పోతారు. ఇంట్లో ఉన్న నలుగురు ముసలివాళ్ళు, సెక్రటరీ, సర్పంచ్ మనుషులు. తీర్మానం పాస్.

డబ్బు తీసుకునేవాళ్ళని తిట్టడం తేలిక. మా వీధిలో ఒకామె అన్నది నాకు ఇప్పటికీ గుర్తే: "అక్కా, ఐదేండ్లల్ల వాళ్ళ నుంచి మా ఇంటికి వచ్చింది గిదొక్కటే."

---

సోషల్_మేడమ్ | జనవరి 11, మధ్యాహ్నం 3:10

అక్కా, మీ పోస్టు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సెలవుల్లో ఉన్నారు కదా, చదువుతారో లేదో.

---

లెక్కల_పిచ్చి | జనవరి 12, ఉదయం 9:30

పంచాయతీ వదిలేసి అసెంబ్లీకి రండి. పిల్లలకి ఓట్లకీ సీట్లకీ తేడా చూపించే ఆట కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి సుమారు 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి కూడా సుమారు 39 శాతమే, సీట్లు 11. ఒకే శాతం, సీట్లు సగానికి పడిపోయాయి. ఎందుకు? ఎదుటి పక్షానికి ఎంత శాతం వచ్చింది, అది ఎక్కడెక్కడ పరుచుకుంది అన్నదాన్ని బట్టి.

దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. గళ్ళ నోట్‌బుక్‌లో ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్ళు గీయండి. 25 ఇళ్ళు. 15 ఇళ్ళు ఉంగరంవి, 10 కత్తెరవి. ఊరిని ఐదేసి ఇళ్ళ వార్డులుగా, మొత్తం ఐదు వార్డులుగా పంచాలి. ఎవరికి మెజారిటీ వస్తుంది? ఉంగరమే కదా అంటారు. కానీ కత్తెరవి మూడేసి చొప్పున మూడు వార్డుల్లో సర్దితే తొమ్మిది ఇళ్ళతో మూడు వార్డులు దాని ఖాతాలో పడతాయి. ఐదింట మూడు! 15 ఇళ్ళవాడు ఓడిపోయాడు. ఒక్క ఓటూ మారలేదు, గీత మారింది. అమెరికాలో దీని మీద 2007లోనే "రీడిస్ట్రిక్టింగ్ గేమ్" అని ఒకటి వచ్చింది, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు చేశారు.

---

సైకిల్_సీను | జనవరి 12, ఉదయం 9:41

2019 సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా, అప్పుడు అసలు జరిగింది ఏంటంటే

*(ఈ పోస్టుతో పాటు దానికి వచ్చిన పద్నాలుగు జవాబులు తొలగించబడ్డాయి)*

---

అడ్మిన్ | జనవరి 12, మధ్యాహ్నం 12:15

పార్టీల కొట్లాట వేరే విభాగంలో. లెక్కల_పిచ్చి గారి అంకెలు అంకెలుగానే ఉంచాను. ఇక్కడ బటన్ గురించి మాట్లాడుకుందాం.

---

పైప్‌లైన్_చివరి_ఇల్లు | జనవరి 14, రాత్రి 8:50

నమస్తే. నేను మేడమ్ దగ్గర తొమ్మిదో తరగతి. అమ్మ ఫోన్ నుంచి రాస్తున్నా. ఆట చేసిన ఐదుగురిలో ఒకదాన్ని.

పంచు బటన్ పెట్టింది నేనే. నన్ను తిట్టకండి.

మూడో వార్డు అక్క రాసింది మేం చదివినం. తర్వాత మా ఫ్రెండ్ ఇంట్లో దాని అన్న లాప్‌టాప్‌లో ఆట మార్చినం. ఇప్పుడు మీరు సర్పంచ్ కాదు. మీరు నలభయ్యో ఇల్లు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళ పైప్‌లైన్‌ల చివరి ఇల్లు. ముందరి ఇండ్లల్ల నల్లా బంద్ చేస్తేనే మీకు నీళ్ళొస్తయి. మా ఇల్లు కూడా అట్లనే.

ముప్పై రౌండ్లు. రెండు నెలలకొక గ్రామసభ అంటే ఐదేండ్లకు ముప్పై కదా. ప్రతి రౌండ్‌ల మీరు ఒకటే పని చెయ్యాలె: కూలికి పోవాలె, లేకపోతే సభకు పోవాలె. కూలికి పోతే పైసలొస్తయి, సభకు పోతే రావు. సభకు పది ఇండ్లు వస్తేనే పైప్‌లైన్ గురించి ఓటింగ్ పెడతరు. లేకపోతే పైసలు సర్పంచ్ చెప్పిన కాడికి పోతయి. ముప్పై అయినంక మళ్ళ ఎలక్షన్, అప్పుడు పంచు బటన్ వస్తది, కానీ అది మీ తలుపు బయట ఉంటది. తీసుకోవాల్నా వద్దా అని మీరు నొక్కాలె.

పండుగకొచ్చిన మా చిన్నాయిన, ఇంకా ఆరుగురు ఆడినరు. ఏడుగురూ ముప్పై రౌండ్లూ కూలికే పోయినరు. లాస్ట్‌కి ఏడుగురూ పైసలు తీసుకున్నరు. నీళ్ళు ఎవ్వరికీ రాలే.

ఇప్పుడేం చెయ్యాలె? ఆట పాడైందా?

---

పిక్సెల్_పంతులు | జనవరి 14, రాత్రి 9:05

పాడవడమా! చెల్లీ, నువ్వు చేసిన పని మా స్టూడియోలో సీనియర్లు కూడా చెయ్యరు. ఆడేవాళ్ళ కుర్చీ మార్చేశావు. అదే బటన్, అదే నోటు బొమ్మ. బయట నుంచి నొక్కితే ఒకలా ఉంది, లోపల నుంచి నొక్కితే ఇంకోలా ఉంది.

ఇప్పుడు ఒక్క పని చెయ్యి. మనుషుల్ని మార్చాలని చూడకు. "మంచి పౌరులు" అని బోర్డులు పెట్టకు. నియమాల్లో ఏదో ఒక అంకె మార్చి మళ్ళీ ఆడించు. ఒకటే మార్చు, రెండు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

---

మూడో_వార్డు | జనవరి 14, రాత్రి 9:30

బిడ్డా, సభ పొద్దున పదకొండింటికి ఎందుకు పెట్టినవ్?

---

పైప్‌లైన్_చివరి_ఇల్లు | జనవరి 14, రాత్రి 9:34

మా ఊళ్ళ గంతే పెడతరు అక్కా.

---

మూడో_వార్డు | జనవరి 14, రాత్రి 9:36

సాయంత్రం ఏడింటికి పెట్టి చూడు.

---

గుంటూరు_నాన్న | జనవరి 15, ఉదయం 8:00

పండగ పూట ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు అందరూ... మా వాడికి ఈ థ్రెడ్ చూపించాను. "నాన్నా, రోజూ ఒకడే పోకుండా, పదిళ్ళు పదిళ్ళు వంతులేసుకుని పోతే ఒక్కొక్కళ్ళకి కూలి పోయేది కొంచెమే కదా" అన్నాడు. నాకు తట్టలేదు. అమ్మాయికి చెప్పండి. అన్నట్టు నా మాట మీద నేనున్నాను, క్లాస్ లీడర్‌ని ఎన్నుకోనివ్వాలి.

---

ఎడిసన్_శ్రీ | జనవరి 15, ఉదయం 9:10

"వంతులేసుకోవడం" అద్భుతం. కానీ ఆట ఒక్కరే ఆడేది కదా, మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళు కంప్యూటర్‌వి. వాటితో ఒప్పందం ఎలా చేసుకుంటారు?

---

పిక్సెల్_పంతులు | జనవరి 15, ఉదయం 9:25

అక్కడే స్క్రాచ్ వదిలేసి బెంచీల మీదికి రావాలి. ఒక్కో పిల్లాడు ఒక్కో ఇల్లు. కాగితం చీటీలు, కూలికి ఒక రంగు, సభకి ఒక రంగు. కంప్యూటర్ లెక్కలు మాత్రం చూసుకుంటుంది. మంచి డిజైన్‌లో సగం పని తెర బయటే జరుగుతుంది. మాట్లాడుకోవడం, బేరాలాడడం, మాట తప్పడం, ఇవన్నీ కోడ్ రాస్తే రావు. గుంటూరు_నాన్న గారు, మీ అబ్బాయి ఏ క్లాసన్నారు? పెద్దయ్యాక పంపండి మా దగ్గరికి.

---

గుంటూరు_నాన్న | జనవరి 15, ఉదయం 9:31

పంపను 🙂

---

సోషల్_మేడమ్ | జనవరి 24, రాత్రి 10:20

బడి తెరిచాక ఊపిరాడలేదు, అందుకే ఆలస్యం.

మొదట సభ టైము. సాయంత్రం ఏడు చేశారు. కూలి పోదు కాబట్టి జనం వచ్చారు, ఆట మరీ తేలికైపోయింది. అప్పుడు ఒకడు లేచి "మేడమ్, ఏడింటికి అమ్మ వంట చేస్తది, నాన్న ఒక్కడే పోతడు" అన్నాడు. దాంతో ఒక్కో ఇంటికి రెండు బొమ్మలు పెట్టారు, అమ్మ ఒకటి, నాన్న ఒకటి. ఏడింటికి నాన్నలు వస్తున్నారు, అమ్మలు రావట్లేదు. నీళ్ళు మోసేది అమ్మలు కాబట్టి నాన్నలు సీసీ రోడ్డుకి ఓటేస్తున్నారు! ఈ నియమం నేను చెప్పలేదు, పాఠంలోనూ లేదు. టైము ఏది పెట్టాలన్నది ఇంకా తేలలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికని ఆడపిల్లలు, "అప్పుడు క్రికెట్ ఉంటది" అని మగపిల్లలు.

వంతుల పద్ధతి బెంచీల మీద ఆడించాను. ముప్పై నాలుగు ఇళ్ళు. మొదటి ఐదు రౌండ్లు బ్రహ్మాండం. ఆరో రౌండ్‌లో ఇద్దరు మాట తప్పి కూలి చీటీ వేశారు. ఏడో రౌండ్‌లో తొమ్మిది మంది. ఆ ఇద్దరితో మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరూ మాట్లాడలేదు, నేను వెళ్ళి సర్దాల్సి వచ్చింది.

ఇక బటన్. హెచ్‌ఎం సార్‌తో రెండు రోజులు మాట్లాడాను. ఆయన కూడా చెడ్డవారేం కాదు, భయం అంతే. చివరికి రాజీ కుదిరింది: బటన్ ఉంటుంది, దాని మీద ఐదు వందల నోటు బదులు కవర్ బొమ్మ, "పంచు" అన్న మాట తీసెయ్యాలి. ఇవాళ ప్రదర్శన పెట్టాం, రేపు ఆదివారం కదా. తలుపు దగ్గర కవర్ బొమ్మ చూసి వచ్చినవాళ్ళందరూ నవ్వారు. అదేంటని ఒక్కరూ అడగలేదు.

ఒక తప్పు మాత్రం బయటపడింది. వచ్చిన అధికారి ఒకాయన ఆడుతుంటే చివరి ఎన్నికలో ఉంగరానికి 16, కత్తెరకి 16, బ్యాట్‌కి 8 వచ్చాయి. స్క్రాచ్‌లో ఉండే పిల్లి బొమ్మ వచ్చి కళ్ళు మూసుకుని కత్తెర గెలిచిందని చెప్పింది. ఆయన "ఇదేంటమ్మా, లాటరీనా?" అన్నారు. పిల్లల్ని అడిగితే, సమానంగా వస్తే ఏం రాయాలో తెలియక యాదృచ్ఛికంగా ఒకర్ని ఎంచుకునే ముక్క తగిలించారట. సిగ్గుపడిపోయాను. సోమవారం సరిచేయిస్తాను. రీపోలింగ్ పెట్టాలా అలాంటప్పుడు?

---

రిటైర్డ్_డీటీ | జనవరి 24, రాత్రి 10:41

మేడమ్, ఏమీ సరిచెయ్యకండి! పిల్లలు రాసిందే చట్టం. సమానంగా వస్తే చీటీ వేసి తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్క. లోక్‌సభ, అసెంబ్లీకీ అంతే, పంచాయతీకీ అంతే. నా చేత్తో నేనే ఒకసారి తీయించాను. చీటీలు మడిచేటప్పుడు నా వేళ్ళు వణికాయి.

---

పైప్‌లైన్_చివరి_ఇల్లు | జనవరి 24, రాత్రి 10:52

సార్, అయితే పిల్లిని తీసేయాల్నా? చీటీ ఎవరు తీస్తరు?

---

రిటైర్డ్_డీటీ | జనవరి 24, రాత్రి 10:58

రిటర్నింగ్ అధికారి ఆధ్వర్యంలో తీస్తారు తల్లీ. ఆయన బొమ్మ గియ్యి. కళ్ళజోడు పెట్టు, చంకలో ఫైలు పెట్టు. పొద్దున్నుంచీ అన్నం తినలేదన్నట్టు మొహం గియ్యి.